సముద్రపు నీలం నుంచి గుండె నాళంలోని కొవ్వు దాకా... రామన్ వేసిన వెలుగు బాట

ఏటా ఫిబ్రవరి 28న మీ పిల్లల బడిలో సైన్స్ డే చేస్తారు. గోడ మీద తలపాగా చుట్టుకున్న సర్ సి.వి.రామన్ ఫొటో పెడతారు. ఆయన ఏం కనిపెట్టారని అడిగితే రామన్ ఎఫెక్ట్ అని పిల్లలు టక్కున చెబుతారు. దానివల్ల మనకేమిటి ఉపయోగం అంటే మాత్రం పిల్లలే కాదు, పెద్దలమూ కాస్త తడుముకుంటాం.

ఆరోగ్యం పేజీలో భౌతికశాస్త్రవేత్త కథేమిటని మీరు అనుకోవచ్చు. గుండె రక్తనాళాల గోడల్లో పేరుకునే కొవ్వును, ఏ రంగు మందూ కలపకుండా, వెలుగుతో కదిలించి చప్పుడుతో పట్టుకునే పరీక్ష ఒకటి ప్రపంచవ్యాప్తంగా పరిశోధనశాలల్లో తయారవుతోంది. దానికి తగిన లేజర్ దీపం కోసం వెతికినవారికి దారి చూపినవాటిలో రామన్ కనిపెట్టిన సూత్రం ఒకటి. గుండె జబ్బు ప్రతి కుటుంబాన్నీ పలకరిస్తున్న ఈ రోజుల్లో ఆయన జీవితాన్ని ఆ కోణంలోంచి ఒకసారి చదువుకుందాం.

విశాఖలో పెరిగిన పిల్లాడు

రామన్ 1888 నవంబరు 7న తమిళనాడులోని తిరుచిరాపల్లి దగ్గర తిరువానైకావల్‌లో పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్, తల్లి పార్వతి అమ్మాళ్. ఎనిమిది మంది సంతానంలో ఆయన రెండోవారు. 1892లో తండ్రికి విశాఖపట్నంలోని మిసెస్ ఏవీఎన్ కాలేజీలో అధ్యాపక ఉద్యోగం వచ్చింది. అలా ఆ కుటుంబం మన తెలుగునేలకు చేరింది. రామన్ బాల్యమంతా విశాఖలోనే గడిచింది. అక్కడి సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి 11 ఏళ్లకే మెట్రిక్ పాసయ్యారు. తండ్రి పాఠాలు చెప్పే కాలేజీలోనే చేరి 13 ఏళ్లకే ఇంటర్‌తో సమానమైన ఎఫ్.ఏ. పూర్తిచేశారు. ఇంట్లో తండ్రి పుస్తకాలు, ఆయన వాయించే వయొలిన్, ఊరి చివర సముద్రం. ఈ మూడూ ఆ పిల్లాడి వెంట జీవితాంతం నడిచాయి.

తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ. 1904లో బీఏ మొదటి స్థానంలో, బంగారు పతకంతో పాసయ్యారు. ఇంకా ఎంఏ చదువుతుండగానే 1906లో వెలుగు గురించి ఆయన రాసిన మొదటి పరిశోధన వ్యాసం లండన్ పత్రికలో అచ్చయింది. అప్పటికి వయసు 18.

డాక్టరు వద్దన్నారు... దేశానికి మంచి జరిగింది

ఇంత తెలివైన కుర్రాణ్ని ఇంగ్లండు పంపాలని గురువులు అనుకున్నారు. అందుకు వైద్య పరీక్ష కావాలి. పరీక్షించిన మద్రాసు సివిల్ సర్జన్ బక్కపలచని ఆ కుర్రాడు ఇంగ్లండు చలిని తట్టుకోలేడని తేల్చారు. ప్రయాణం ఆగిపోయింది. ఆ కుర్రాడే 82 ఏళ్లు బతికాడు. డాక్టర్లు ఒక్కసారి చూసి రాసిన కాగితం మనిషి జీవితాన్ని ఎటు తిప్పుతుందో చెప్పలేం. ఈసారి మాత్రం ఆ కాగితం మనకు మేలే చేసింది.

1907లో రామన్‌కు లోకసుందరితో పెళ్లయింది. ఆమె వీణ వాయించేవారు. అదే ఏడాది ప్రభుత్వ ఆర్థికశాఖ పోటీ పరీక్ష రాసి నెగ్గి, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. మంచి జీతం, గౌరవం ఉన్న ఉద్యోగం. మన ఇళ్లలో అయితే ఇక కుర్రాడు స్థిరపడ్డట్టే లెక్క.

ఒకరోజు ట్రాములో వెళ్తుంటే బౌబజార్ వీధిలో ఒక బోర్డు ఆయన కంటపడింది. ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అని ఉంది. ఆ సంస్థను 1876లో స్థాపించింది మహేంద్రలాల్ సర్కార్ అనే వైద్యుడు. కలకత్తా మెడికల్ కాలేజీలో ఎండీ చేసిన ఆయన, భారతీయులు సొంతంగా పరిశోధన చేసే చోటు ఒకటి ఉండాలని ఊరూరా చందాలు పోగుచేసి దాన్ని కట్టారు. సరైన పరిశోధకుడి కోసం ఎదురుచూస్తూనే 1904లో కన్నుమూశారు. మూడేళ్ల తర్వాత ఆ తలుపు తట్టినవాడు రామన్. ఒక డాక్టరు విదేశీ దారి మూసేస్తే, మరో డాక్టరు కట్టిపెట్టిన ఇల్లు ఆయన్ను అక్కున చేర్చుకుంది.

అక్కడి నుంచి పదేళ్లు ఆయన దినచర్య ఒక్కటే. తెల్లవారగానే ప్రయోగశాల, పగలంతా ఆఫీసు, సాయంత్రం మళ్లీ ప్రయోగశాల. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పాలిత్ ప్రొఫెసర్ పదవి ఇస్తే ప్రభుత్వ ఉద్యోగం వదిలేశారు. జీతం దాదాపు సగానికి తగ్గింది.

మృదంగం చెప్పిన రహస్యం

రామన్ అనగానే వెలుగే గుర్తొస్తుంది. కానీ తొలి ఏళ్లలో ఆయన ఎక్కువగా పనిచేసింది చప్పుడు మీద. వయొలిన్, వీణ, తంబుర, మృదంగం, తబలా ఎందుకలా పలుకుతాయో ఏళ్ల తరబడి కొలిచారు.

మామూలు డప్పును కొడితే శబ్దం వస్తుంది కానీ స్వరం రాదు. మృదంగం నుంచి మాత్రం చక్కటి స్వరం వస్తుంది. తేడా ఎక్కడుంది? మృదంగం తోలు మధ్యలో గుండ్రంగా నల్లటి ముద్ద మెత్తుతారు, చూశారా? దాని బరువువల్ల తోలు ఊగే తీరు మారుతుంది. ఒక మూల స్వరం, దానికి రెట్టింపు, మూడు రెట్లు వేగంతో ఊగే పైస్వరాలు లెక్కగా కుదురుతాయి. ఈ పైస్వరాలనే మన పాఠ్యపుస్తకాల్లో అతిస్వరాలు అంటారు. మన పెద్దలు చెవితో కనిపెట్టిన ఈ సంగతిని రామన్ 1920లో ప్రపంచానికి లెక్కలతో చూపించారు. ఈ అతిస్వరం అన్న మాటను గుర్తుపెట్టుకోండి. కొవ్వు దగ్గర మళ్లీ దీనితో పని పడుతుంది.

నీలం నుంచి నోబెల్ దాకా

1921లో రామన్ తొలిసారి విదేశం వెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో సమావేశం ముగించుకుని నార్కుండా అనే ఓడలో తిరిగొస్తుంటే మధ్యధరా సముద్రం నీలిరంగు ఆయన్ను కట్టిపడేసింది. ఆకాశపు నీలమే నీళ్లలో ప్రతిఫలిస్తుందని అప్పటి పెద్ద శాస్త్రవేత్తల మాట. రామన్ జేబులో నికాల్ పట్టకం ఉంది. దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని, తిప్పి, నీటి మీద నుంచి తిరిగొచ్చే ఆకాశపు మెరుపును ఆపేసి చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కగా కనిపించింది. అంటే నీటి అణువులే వెలుగును చెదరగొట్టి ఆ రంగు ఇస్తున్నాయన్నమాట.

ఒడ్డుకు చేరాక ఆరేడేళ్లు శిష్యులతో కలిసి ద్రవాల్లోంచి వెలుగును పంపుతూ పోయారు. శిష్యుడు కె.ఎస్.కృష్ణన్‌తో కలిసి 1928 ఫిబ్రవరి 28న అసలు విషయం పట్టుకున్నారు. ఒకే రంగు వెలుగును ద్రవంలోకి పంపితే, బయటికొచ్చే వెలుగులో అతి కొద్ది భాగం రంగు మార్చుకుని వస్తోంది.

ఎందుకంటారా? అణువు కదలకుండా పడి ఉండే గోళీ కాదు. స్ప్రింగులతో కట్టిన బంతుల్లా ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. వెలుగు దాన్ని తాకి వెళ్లేటప్పుడు ఎప్పుడో ఒకసారి తన శక్తిలో కొంత ఆ ఊపుకు ఇచ్చి వెళ్తుంది. శక్తి తగ్గితే రంగు మారుతుంది. నీలం కాస్త ఆకుపచ్చ వైపు జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే అది ఏ అణువో చెప్పేయవచ్చు. ప్రతి అణువుకూ దాని సొంత వేలిముద్ర ఉంటుంది. ఇక్కడ ఒక గొప్ప సంగతి ఉంది. అణువును గుర్తుపట్టడానికి దానికి రంగు పూయలేదు, మందు కలపలేదు, చీటీ అంటించలేదు. వెలుగు వెళ్లి పలకరిస్తే అణువే తన పేరు చెప్పింది.

1930లో నోబెల్ వచ్చింది. విజ్ఞానశాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న తొలి ఆసియావాసి రామన్. 1933లో బెంగళూరు ఐఐఎస్‌సీకి తొలి భారతీయ డైరెక్టరయ్యారు. 1948లో అక్కడ పదవీ విరమణ చేశాక సొంతంగా రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ను నిలబెట్టారు. 1954లో భారతరత్న అందుకున్నారు.

ఆయన శిష్యుల్లో మనవాడు సూరి భగవంతం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. తెలుగునాట రామన్ ఎఫెక్ట్ చదువులకు వేళ్లూననిచ్చినవారిలో ఆయన ముందువరుసలో ఉంటారు.

వెలుగు పడితే చప్పుడొస్తుందా?

ఇప్పుడు గుండె దగ్గరికి వద్దాం. నాగారం, దమ్మాయిగూడ, రాంపల్లి వైపు నుంచి ఓపీకి వచ్చే కుటుంబాలు యాంజియోగ్రామ్ రిపోర్టు బల్ల మీద పెట్టి మొదట అడిగేది ఒక్కటే. బ్లాక్ ఎంత శాతం ఉంది డాక్టర్ గారూ? 80 అంటే కుటుంబమంతా కంగారుపడుతుంది. 30 అంటే ఊపిరి పీల్చుకుంటారు. కొందరు ఆ నెల నుంచే మాత్రలు మానేస్తారు.

కానీ యాంజియోగ్రామ్ చూపేది నాళం లోపల రక్తం పారే దారిని మాత్రమే. అయోడిన్ ఉన్న మందు ఎక్కించి ఎక్స్‌రేలో ఆ దారి నీడను చూస్తాం. నాళం గోడలో ఏముందో అది చెప్పదు. కొవ్వు పేరుకునేది ఆ గోడలోనే. పైన పలుచని పొర, కింద మెత్తటి కొవ్వు ఉన్న పూడిక చాలా ప్రమాదం. అది దారిని కొద్దిగానే మూసి ఉండొచ్చు. ఆ పొర చిట్లితే మాత్రం లోపలి కొవ్వుకు రక్తం తగిలి అక్కడికక్కడే గడ్డకడుతుంది. నిమిషాల్లో నాళం మూసుకుపోయి గుండెపోటు వస్తుంది. గుండెపోట్లలో చాలావాటికి కారణం ఇలాంటి, అంతకుముందు పెద్దగా మూసుకోని పూడికలే. నిన్నటిదాకా బాగానే తిరిగిన మనిషి అన్న మాట మీరూ ఎన్నోసార్లు విని ఉంటారు.

అందుకే డాక్టర్లకు కావాల్సింది శాతం ఒక్కటే కాదు. గోడలో కొవ్వు ఎంత ఉంది, ఎంత లోతులో ఉంది అన్నది కూడా. దీనికి పనికొచ్చే సూత్రాన్ని 1880లోనే టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ గమనించారు. వెలుగును ఆపుతూ, వదులుతూ ఒక వస్తువు మీద వేస్తే అది చప్పుడు చేస్తోంది.

వింతేమీ లేదు. ఎండాకాలం ఉదయం ఎండ పడగానే రేకుల షెడ్డు టిక్కుటిక్కుమనడం మీరు వినే ఉంటారు. రేకు వేడెక్కి సాగుతుంది, ఆ కదలికే చప్పుడు. శరీరంలోనూ అంతే. సెకనులో వందకోట్లో వంతును నానోసెకను అంటారు. అలాంటి కొద్ది నానోసెకన్లు మాత్రమే ఉండే లేజర్ మెరుపును కండలోకి పంపితే, దాన్ని పీల్చుకున్న భాగం డిగ్రీలో వెయ్యో వంతు స్థాయిలో వేడెక్కి, రవ్వంత ఉబ్బుతుంది. ఆ ఉబ్బు నుంచి మన చెవికి వినపడని అల్ట్రాసౌండ్ తరంగం పుడుతుంది. గర్భిణులకు స్కాన్ చేసే యంత్రంలో ఉండేలాంటి గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది. చప్పుడు ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగడితే అది ఎంత లోతు నుంచి వచ్చిందో తెలుస్తుంది. దీన్నే ఫొటోఅకౌస్టిక్ ఇమేజింగ్ అంటారు. వెలుగు శరీరంలో కొద్ది దూరానికే చెదిరి గజిబిజి అయిపోతుంది. చప్పుడు అంతగా చెదరదు. అందుకే వెలుగుతో పలకరించి చప్పుడుతో వినడం.

కొవ్వు పలికే రంగు ఏది?

చిక్కంతా ఇక్కడే ఉంది. రక్తం ఎర్రగా ఉంటుంది కాబట్టి మామూలు రంగుల వెలుగునే బాగా పీల్చుకుంటుంది, గట్టిగా పలుకుతుంది. కొవ్వుకు అలాంటి రంగేమీ లేదు. మరి దాన్ని ఎలా గుర్తుపట్టడం?

ఇక్కడే మృదంగం పాఠం పనికొస్తుంది. కొవ్వు అణువు నిండా కార్బన్‌కు హైడ్రోజన్ అంటుకున్న జంటలు ఉంటాయి. కొలెస్ట్రాల్ అయినా, వంటనూనె అయినా ఇంతే. ప్రతి జంటా స్ప్రింగులా ఒక లెక్కలో ఊగుతుంది. దాని మూల స్వరం కంటికి కనపడని పరారుణ వెలుగులో బాగా లోపల ఉంటుంది. అక్కడ నీళ్లు వెలుగును మింగేస్తాయి, మన శరీరంలో ఎక్కువ భాగం నీళ్లే. కాబట్టి మూల స్వరం పనికిరాదు. కానీ మృదంగానికి ఉన్నట్టే ఈ జంటకూ అతిస్వరాలు ఉన్నాయి. మొదటిది 1720 నానోమీటర్ల దగ్గర, రెండోది 1210 దగ్గర, మూడోది 930 దగ్గర. మన కంటికి కనిపించే వెలుగు దాదాపు 400 నుంచి 700 దాకానే అని గుర్తుంచుకుంటే, ఇవన్నీ దాని అవతలివని అర్థమవుతుంది. 1720, 1210 దగ్గర నీళ్లు కాస్త తగ్గి ఉంటాయి, కొవ్వు పైచేయిగా పలుకుతుంది.

1720 దగ్గర కొవ్వు బాగా గట్టిగా పలుకుతుంది, కానీ నీళ్లు కూడా కొంత ఎక్కువే మింగుతాయి కాబట్టి లోతుకు వెళ్లడం కష్టం. 1210 దగ్గర పలుకు కొంచెం తగ్గినా వెలుగు ఇంకాస్త లోతుకు చేరుతుంది. ఏది వాడినా కొవ్వుకు రంగు వేయాల్సిన పని లేదు, గుర్తు మందు ఎక్కించాల్సిన పని లేదు. రామన్ ద్రవాల్లో చూసినట్టే, ఇక్కడా అణువే తన పేరు తాను చెబుతుంది.

దీపం దొరకడమే కష్టం

పరీక్ష ఊహ బాగానే ఉంది. మరి ఈ రంగుల్లో వెలిగే లేజర్ ఏది? రంగు సరిగ్గా ఉండాలి. మెరుపు కొద్ది నానోసెకన్లే ఉండాలి. కొవ్వును పలికించేంత బలం ఉండాలి, కణాలకు హాని చేయనంత తక్కువగానూ ఉండాలి. వెంట్రుకలా సన్నటి గాజు తీగలోంచి గుండె నాళం దాకా పోవాలి. అన్నిటికీ మించి సెకనుకు వందల, వేల సార్లు మెరవాలి.

మొదట్లో పరిశోధకులు వాడిన యంత్రాలు ఒక స్ఫటికంతో లేజర్ వెలుగును రెండు రంగులుగా విడగొట్టేవి. కావాల్సిన రంగుకు తిప్పుకోవచ్చు, అది సౌలభ్యం. కానీ వాటిలో చాలావరకు సెకనుకు పది, ఇరవై సార్లే మెరిసేవి. నాళం చుట్టూ ఒక్క గుండ్రటి బొమ్మ గీయడానికి 250 మెరుపులు కావాలనుకోండి. సెకనుకు పది చొప్పున అయితే 25 సెకన్లు పడుతుంది. ఆలోగా గుండె 30 సార్లు కొట్టుకుంటుంది. పరిగెత్తే పిల్లాణ్ని కదలకుండా ఫొటో తీయడం లాంటిదే అది.

ఇక్కడే రామన్ అడుగుపెట్టారు. లేజర్ పుట్టింది 1960లో. బలమైన లేజర్ వెలుగును తగిన పదార్థంలోంచి పంపితే, రామన్ చూసిన ఆ కోటికి ఒక్కటిలాంటి అరుదైన రంగు మార్పు కాస్తా వరదలా మారుతుందని 1962లో బయటపడింది. పంపిన వెలుగులో పెద్ద భాగమే కొత్త రంగులోకి మారిపోతుంది. ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో విరివిగా వాడే నియోడిమియం యాగ్ లేజర్ రంగు 1064 నానోమీటర్లు. కొవ్వు దాన్ని పట్టించుకోదు. ఆ వెలుగునే బేరియం లవణపు స్ఫటికంలోంచి పంపితే, స్ఫటికం ఊపు తన వాటా తాను తీసుకుని 1197గా మార్చి పంపుతుంది. కొవ్వు పలికే 1210 పట్టీలోనే అది పడుతుంది. 2014లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు ఇలాంటి రామన్ లేజర్‌ను సెకనుకు 2000 సార్లు మెరిపించి నాళం గోడలోని కొవ్వును బొమ్మకట్టారు. మన లెక్క ప్రకారం 25 సెకన్ల పని సెకనులో ఎనిమిదో వంతుకు దిగింది. రామన్ ఎఫెక్ట్ వచ్చిన 86 ఏళ్లకు అది గుండె నాళం గడప తొక్కింది.

ఇప్పుడు గాజు తీగలోనే వెలిగే ఫైబర్ లేజర్లూ పోటీకి వచ్చాయి. థులియం అనే మూలకం కలిపిన గాజు తీగతో 1700 నానోమీటర్లకు పైన, కొవ్వు గట్టిగా పలికే చోట వెలిగిస్తున్నారు. థులియం పేరు మీరు కిడ్నీ రాళ్ల లేజర్ ప్రకటనల్లో చూసే ఉంటారు. మూలకం అదే, రంగు వేరు, పని వేరు. ఈ ఫైబర్ లేజర్లు చిన్నవి, గట్టివి, సెకనుకు వేల సార్లు మెరుస్తాయి. ఒక్కో మెరుపులో బలం పెంచడమే వీటితో ఉన్న చిక్కు. ఖర్చు, పరిమాణం, రంగు, వేగం, బలం... ఈ అయిదూ ఒకేచోట కుదిరే దీపం కోసం పని సాగుతూనే ఉంది.

మరి మనకు ఎప్పుడు?

ఈ పరీక్ష రేపే మీ దగ్గరి ఆసుపత్రికి వస్తుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. చనిపోయినవారి నుంచి సేకరించిన గుండె నాళాల మీద, జంతువుల మీద దీన్ని పరీక్షించారు. రోగులకు రోజువారీ వాడకం ఇంకా మొదలవలేదు. నాళంలోకి సన్నటి గొట్టం పంపి చేయాల్సిన పరీక్ష కాబట్టి ఆరోగ్యంగా ఉన్న అందరికీ చేసేది కూడా కాదు. యాంజియోగ్రామ్ అవసరమైనవారికే, దానికి తోడుగా వాడాలన్నది ఆలోచన. ఈలోగా గోడలోపల చూసేందుకు ఐవస్, ఓసీటీ అనే పరీక్షలు పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నాయి. అవి కూడా అవసరాన్ని బట్టి గుండె డాక్టరు నిర్ణయిస్తారు.

ఎవరైనా చేతి మీద వెలుగు వేసి గుండెలో కొవ్వు చెబుతామంటే నమ్మకండి. చర్మం మీద నుంచి వేసిన వెలుగు గుండె నాళాల దాకా చేరదు.

రామన్ చివరి రోజులు

రామన్ మద్యం ముట్టలేదు, శాకాహారి. ఎనభై ఏళ్లకూ ప్రయోగాలు మానలేదు. పువ్వుల రంగులు, కంటిచూపు మీద పనిచేసి 1968లో దాని మీద పుస్తకం తెచ్చారు. 1970 అక్టోబరు నెలాఖరులో ప్రయోగశాలలోనే గుండె దెబ్బతిని కుప్పకూలారు. ఆసుపత్రిలో డాక్టర్లు కొద్ది గంటలే బతుకుతారని చెప్పారు. ఆయన కొన్నాళ్లు నిలబడ్డారు. ఆసుపత్రిలో ఉండనని, తన సంస్థ ఆవరణలోని తోటకే చేర్చమని కోరారు. నవంబరు 21న, 82 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కోరుకున్నట్టే ఆ ఆవరణలోనే దహనం చేశారు. అక్కడ సమాధి లేదు, ఒక చెట్టు ఉంది.

అప్పటికి బెలూన్‌తో గుండె నాళం తెరవడం లేదు, అది 1977లో వచ్చింది. స్టెంట్ 1986లో వచ్చింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర 1987లో మార్కెట్లోకి వచ్చింది. నాళం గోడలో ఏముందో చూపే సాధనం ఆనాడు ఏ దేశపు డాక్టరు చేతిలోనూ లేదు. అంతటి శాస్త్రవేత్తకు దొరకని ఈ వైద్యంలో చాలా భాగం ఈ రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చే సామాన్యుడికీ అందుతోంది. వాడుకోవడం మన చేతుల్లో ఉంది.

మీరు చేయాల్సినవి

30 దాటిన ప్రతి ఒక్కరూ బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ప్రభుత్వ ఆసుపత్రుల్లో రక్తపరీక్షలు ఉచితం. ఇంట్లో తండ్రికో, అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఇంకా ముందే చేయించుకోండి.

బ్లాక్ 30 శాతమే కదా అని, కొలెస్ట్రాల్ నార్మల్‌కు వచ్చింది కదా అని స్టాటిన్ మాత్ర సొంతంగా ఆపకండి. అది రిపోర్టులో అంకె తగ్గించడానికే కాదు. గోడలోని కొవ్వును తగ్గించి, పైపొరను గట్టిపరుస్తుంది. అంకె నార్మల్‌కు రావడానికి కారణం ఆ మాత్రే. ఒళ్లునొప్పులో, మరేదో ఇబ్బందో ఉంటే డాక్టరుకు చెప్పండి. మోతాదు మార్చవచ్చు, మందు మార్చవచ్చు.

బీడీ, సిగరెట్, గుట్కా పూర్తిగా మానేయండి. పూడిక పైపొరను బలహీనపరచడంలో పొగాకుది పెద్ద పాత్ర. వాడిన నూనెలో మళ్లీ మళ్లీ వేయించిన బజ్జీలు, పూరీలు తగ్గించండి. రోజూ అరగంట చురుగ్గా నడవండి.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమట, ఆయాసం వస్తే గ్యాస్ అని సోడా తాగి పడుకోకండి. షుగర్ ఉన్నవారికి, ఆడవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే కనిపించవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. సొంతంగా బండి నడుపుకుంటూ బయల్దేరకండి. ముందు ఈసీజీ తీయించాలి. మూసుకున్న నాళం తెరవడంలో ప్రతి నిమిషమూ గుండె కండను కాపాడుతుంది.

వచ్చే సైన్స్ డే నాడు మీ పిల్లలు రామన్ ఎఫెక్ట్ గురించి చెబుతుంటే, సముద్రపు నీలం దగ్గర ఆగిపోనివ్వకండి. ఆ వెలుగు ఇప్పుడు గుండె నాళం గోడల్ని పలకరిస్తోందని, తాతయ్య రోజూ రాత్రి వేసుకునే ఆ చిన్న మాత్ర ఎందుకో కూడా అక్కడే దాగి ఉందని చెప్పండి. ఆ రాత్రి తాతయ్య మాత్ర వేసుకున్నారో లేదో వాళ్లే అడుగుతారు.